రాకాసి గుళ్ళకు ఆకాశంలో హక్కుదారులు

కాలేజీలో కొత్తగా లెక్చరరుగా చేరిన యువకుడొకడు ఈ మధ్య మా ఇంటికి ఒక పుస్తకం తెచ్చాడు. అట్ట మీద పిరమిడ్డు, దాని మీద గుండ్రటి వాహనం, అందులోంచి కిందికి పచ్చటి వెలుగు. పూర్వకాలపు పెద్ద పెద్ద కట్టడాలేవీ మనుషులు కట్టినవి కావట. వేరే గ్రహాల నుంచి వచ్చినవాళ్ళు కట్టి, పని కాగానే వెళ్ళిపోయారట. "మీరు ఉద్యోగమంతా పాత రాళ్ళ దగ్గరే చేశారు కదా సార్, ఈ కొత్త సంగతి మీ దాకా వచ్చిందా?" అని అడిగాడు.

వచ్చింది నాయనా. నువ్వు పుట్టకముందే వచ్చింది. బేతంచెర్లకూ కోయిలకుంట్లకూ మధ్య ఒక రాళ్ళమిట్ట మీదికి, సొంత కారులో, కాఫీ ఫ్లాస్కుతో సహా వచ్చింది.

అతను వెళ్ళాక ఆ ఏటి డైరీ తీశాను. డైరీ రాయడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. మా సీమలో అదేమంత కష్టమైన పని కాదు. సగం పేజీల్లో "వాన లేదు" అని రాస్తే సరిపోతుంది. ఆ ఏడు మాత్రం వాన లేకపోవడంతో పాటు మరికొంత జరిగింది. ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు పనికొస్తుందో రాదో తెలియదు గానీ, నవ్వుకోవడానికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

అవి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ప్రభుత్వంలో చాలా భాగం డేరాల్లో ఉండేది. డేరాలో చెమటలు కక్కుతూ కూర్చున్న ప్రతి అధికారికీ పక్కా భవనం కావాలి. భవనానికి బండలు కావాలి. బండలు బేతంచెర్ల చుట్టుపక్కల భూమిలో అప్పడాల దొంతరలా పొరలు పొరలుగా ఉన్నాయి. కాబట్టి గడ్డపార పట్టగలిగిన ప్రతివాడూ గనికి పోయాడు, పొలంలో రాయి ఉన్న ప్రతి ఆసామీ కంట్రాక్టరయ్యాడు. ఈ ఊపులో పాత కట్టడాలను కూడా పగలగొట్టి లారీలకెత్తుతారేమోనని మా శాఖకు భయం పట్టుకుంది. శాఖకు భయం పట్టుకుంటే ఏం చేస్తుంది? బొమ్మలు గీయిస్తుంది. అప్పుడు నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. నన్నూ, నా పై అధికారినీ ఆ మిట్ట దగ్గరికి పంపి మూడు ఆజ్ఞలిచ్చారు: కొలవండి, గీయండి, తవ్వకండి. తవ్వాలంటే పైనుంచి అనుమతి రావాలి. అనుమతి ఇవ్వవలసినవారు మద్రాసులో ఉన్నారా, కర్నూలు డేరాల్లో ఉన్నారా అన్నది ఇంకా తేలలేదు.

ఆ మిట్ట మీద ఉన్నవాటిని ఊరివాళ్ళు రాకాసి గుళ్ళు అనేవారు. నాలుగు పెద్ద బండలను పెట్టెలాగా నిలబెట్టి, పైన ఇంకో బండ మూత వేసిన రాతి గదులు అవి. తూర్పు వైపు బండకు గుండ్రటి కంత ఉంటుంది. లోపల సగం దాకా మట్టి పూడిపోయి ఉండేది. ఇటువంటివి వేరే చోట్ల తవ్వినప్పుడు కుండలూ ఎముకలూ దొరికాయని, ఇవి చాలా పాతకాలపు సమాధులని మాకు తెలుసు. కానీ ఈ మిట్ట మీద ఎవరూ తవ్వలేదు. తవ్వనిదాన్ని సమాధి అని కాగితం మీద రాయడానికి నా పై అధికారి ఒప్పుకోలేదు. "రాతి గది వంటి నిర్మాణం" అని రాయించారు. ఆయన చాలా మంచివారు. చదువుకున్నవాళ్ళకు ఎదురు చెప్పకూడదన్నది ఒకటీ, చదువుకోనివాళ్ళతో వాదించకూడదన్నది ఒకటీ ఆయన నియమాలు. రెండూ కలిపితే ఇక మాట్లాడవలసిన అవసరమే ఉండేది కాదు.

మిట్ట ఒక ఆసామి పట్టా భూమిలో ఉంది. నిదానంగా మాట్లాడే భారీ మనిషి. మేము ఉండడానికి తన కొట్టం పక్క గది ఇచ్చాడు, పొద్దున్నే మజ్జిగ పంపేవాడు. నేను బొమ్మలు గీస్తానని "బొమ్మలప్పా" అని పిలిచేవాడు. ఆయన గని అడుగున నీళ్ళూరి పనికిరాకుండా పోయింది. రాజధానికి బండలు తోలతానని ఒప్పుకున్న గడువు దగ్గరపడుతోంది. మిట్ట మీద చూస్తే పొడవాటి బండలు, తవ్వే పని లేకుండా, ఎప్పుడో ఎవరో లేపి నిలబెట్టి ఉంచినవి. "దేవుడు కోసి పెట్టినట్టుండాయి కదప్పా" అంటూ, పండిన చేను వైపు చూసినట్టు వాటి వైపు చూసేవాడు.

ఒకసారి పొలం హద్దులు చూపించడానికి మమ్మల్ని వెంట తీసుకుపోయాడు. శెనక్కాయ చేను మూలన రెండు చిన్న బండలు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. నాగలి చాళ్ళు అక్కడిదాకా వచ్చి, వాటిని చుట్టి పక్కకు తిరిగి పోయాయి. ఇవి కూడా పాతవేమోనని నేను టేపు లాగాను. ఆసామి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అవి మీ లెక్కలోవి గావప్పా" అన్నాడు.

అన్నం ముట్టే వయసు రాకముందే పోయిన ఆయన బిడ్డలిద్దరి సమాధులని ఆ తర్వాత తెలిసింది. నేను టేపు చుట్టేశాను.

ఇంతకీ మిట్ట మీది బండలకు ఆసామి అంతవరకు చెయ్యి పెట్టకపోవడానికి కారణం ప్రభుత్వం కాదు, మా శాఖ అంతకన్నా కాదు. గని పనివాళ్ళ మేస్త్రి. ఆయన ముసల్మాను. ఆ చుట్టుపక్కల ఆయన కూటమిని మించిన పనివాళ్ళు లేరు. వాళ్ళకొక కట్టుబాటు ఉంది. కొత్తచోట గడ్డపార వేసేముందు, ఇక్కడ చచ్చినవాళ్ళెవరూ లేరని ఊరి నలుగురి ముందు ఒక పెద్దమనిషి మాట ఇవ్వాలి. ఆ తర్వాత కొబ్బరికాయ, ఆ తర్వాతే పని. మాట ఇచ్చినవాడిది తప్పయితే పాపం వాడిది, పనివాళ్ళది కాదు. ఆసామి ఎన్నిసార్లు అడిగినా మేస్త్రిది ఒకటే జవాబు. "ఖబర్ మీద, గోరీ మీద గడ్డపార ఎయ్యం రెడ్డీ. మీవోళ్ళదైనా, మావోళ్ళదైనా, రాకాసులదైనా ఖబర్ ఖబరే."

ఆ మాట ఇవ్వడానికి ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదు. రాకాసుల తరఫున మాట ఇవ్వడానికి ఎవరికి ధైర్యం చాలుతుంది?

సరిగ్గా అప్పుడు కర్నూలు నుంచి ప్లీడరు గారు వచ్చారు. వకాలత్తు మానేసి, పత్రికలు తెప్పించుకుని చదువుకుంటున్న పెద్దమనిషి. ఎగిరే పళ్ళాల గురించి అప్పట్లో పత్రికల్లో తెగ వచ్చేది. అందరూ అది చదివి పేజీ తిప్పేవారు. ప్లీడరు గారు మాత్రం కత్తిరించి, అట్టల మీద అంటించి, ఒక సిద్ధాంతం తయారు చేశారు. ఆ పళ్ళాలు ఇప్పుడు కొత్తగా వస్తున్నవి కావు, పూర్వం నుంచీ వస్తున్నాయి, మన పాత కట్టడాలన్నీ వాటిలో వచ్చినవాళ్ళు కట్టినవే. గండికోట దగ్గర కొండను అంత లోతుగా కోయడం పెన్నానది వల్ల అయ్యే పని కాదట. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక కింద దాక్కునే నదికి అంత శక్తి ఎక్కడిదని ఆయన ప్రశ్న. నాకు మా పెన్న మీద జాలేసింది.

ఆయన రాకాసి గుళ్ళన్నిటినీ చూశారు. జేబులోంచి అయస్కాంతం తీసి బండలకు ఆనించారు. అది అంటుకోలేదు. అంటుకోకపోవడం తన సిద్ధాంతానికి బలమన్నారు. అంటుకుని ఉంటే కూడా బలమే అనేవారని నా అనుమానం. తూర్పు బండ కంత చుట్టూ వేలు తిప్పి, ఇంత గుండ్రంగా తొలచడం మనుషుల వల్ల కాదన్నారు. అందులోంచి ఆకాశంలోకి గురి చూసుకునేవారట. లోపల ఒక మనిషి గొంతుక్కూర్చునే చోటు కూడా లేదు కదండీ అని నేనన్నాను. "వాళ్ళు పొట్టివాళ్ళు" అన్నారు, చుట్టం గురించి చెప్పినట్టు. నా పై అధికారి తల ఊపుతూ ఆయన ఫ్లాస్కులోని కాఫీ తాగారు.

ఆసామి ఇదంతా పక్కన నిలబడి విన్నాడు. మధ్యలో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "అయితే సామీ, ఇయ్యి ఈడోళ్ళ సమాధులు గావు అంటారా?" కావంటే కావన్నారు ప్లీడరు గారు. ఆసామి ఆయన్ని ఆ పూట భోజనానికి ఉండమన్నాడు. మర్నాడు ఊరి చావడిలో నాలుగు మాటలు చెప్పమని బతిమాలాడు. తన సిద్ధాంతాన్ని వినడానికి ఒక ఊరు ఊరే కూర్చుంటుందంటే ఏ పండితుడు కాదంటాడు?

చావడిలో సభ బాగా జరిగింది. ప్లీడరు గారు గ్రహాల గురించి, వాటి దూరాల గురించి, ఎగిరే పళ్ళాల గురించి చెప్పారు. ముందు వరసలో ముసలివాళ్ళు చుట్టలు కాల్చుకుంటూ శ్రద్ధగా విన్నారు. ఆకాశంలోంచి దిగిరావడం వాళ్ళకు కొత్తేమీ కాదు, పురాణాల్లో ఎంతోమంది దిగారు. చివర్లో మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"అయితే సాబ్, ఆ మిట్టమీద పండుకున్నోళ్ళు ఎవురూ లేరా?"

"ఎవరూ లేరు. వచ్చారు, పని చూసుకున్నారు, వెళ్ళిపోయారు."

"నలుగురిలో చెప్తాండారు."

"పదిమందిలో చెబుతాను" అన్నారు ప్లీడరు గారు హుషారుగా. ఆయన ఇచ్చింది ఉపన్యాసం కాదని, వాంగ్మూలమని ఆ సభలో ఆయనకు తప్ప అందరికీ అర్థమైంది. జీవితమంతా కోర్టుల్లో గడిపినవాడు మరి.

వెనక నుంచి ఒక ముసలాయన, వాళ్ళు మళ్ళా వచ్చి మా బండలేవని అడిగితే ఏం చెప్పాలని అడిగాడు. రావడానికి వేల ఏళ్ళు పట్టవచ్చని జవాబు వచ్చింది. "అంతలోపల వేరేటివి నిలబెడదాంలేప్పా" అన్నాడు ఆసామి. చావడి అంతా నవ్వింది.

నేను ఉండబట్టలేక లేచాను. ఇటువంటి గదుల్లో వేరేచోట ఎముకలు దొరికాయని, ఇవి మన పూర్వీకుల సమాధులే అయి ఉంటాయని చెప్పాను. ప్లీడరు గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఇక్కడ తవ్వి చూశావా అబ్బాయ్?" అని అడిగారు. లేదన్నాను. ఎందుకు చూడలేదన్నారు. అనుమతి రాలేదన్నాను. ఈసారి చావడి ఇంకా గట్టిగా నవ్వింది. నా పై అధికారి నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టారు.

మర్నాడు పొద్దున్నే కొబ్బరికాయ కొట్టారు. మొదట అన్నిటికన్నా పెద్ద గదినే ఎంచుకున్నారు. మధ్యాహ్నానికి అది బండలుగా మారి లారీ ఎక్కుతుంది, సాయంత్రానికి ఇంకొకటి, వారం తిరిగేసరికి మిట్ట ఉత్త మిట్టగా మిగులుతుంది. ఎన్ని వేల ఏళ్ళ నాటిదో, ఇక దాని తాలూకు మిగిలేది నా కాగితమే. కాబట్టి పిచ్చిపట్టినవాడిలా గీశాను. నా పై అధికారి నాకు గొడుగు పట్టారు. ఆయన ఆ ఉద్యోగంలో చేసిన సాహసం అదొక్కటే.

పైబండ లేపడానికి ఏ గ్రహం నుంచీ ఎవరూ రాలేదు. మేస్త్రి, ఆయన మనుషులు, కొన్ని దుంగలు, మోకులు. కేక పెట్టి ఊపిరి బిగబట్టి ఒక్కసారి గడ్డపారలు నొక్కితే బండ కొంచెం లేస్తుంది, కింద దుంగ దూరుస్తారు, మళ్ళీ కేక. అలా ఆ బండ పక్కకు జరిగిపోతుంటే, ప్లీడరు గారు పక్కనే నిలబడి, ఇంత బరువు మనుషులు లేపలేరని నా పై అధికారికి వివరిస్తున్నారు. పనివాళ్ళ కేకలకు మాట వినపడక మధ్య మధ్య ఆగి మళ్ళీ మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది.

లోపలి మట్టి తోడుతుంటే గడ్డపారకు ఏదో తగిలిన చప్పుడైంది. మేస్త్రి చేత్తో మట్టి తీశాడు. కాల్చిన మట్టితో చేసిన తొట్టి ఒకటి బయటపడింది. చిన్నది, ఊయలంత. కింద వరసగా పొట్టి పొట్టి కాళ్ళు.

ప్లీడరు గారి మొహం చూడాలి. ఆ మొహం నేను బొమ్మ గీయనందుకు ఇప్పటికీ చింతే. "కాళ్ళు చూశారా? దిగడానికి కాళ్ళు! ఇదే వాహనం!" అన్నారు. మట్టితో చేసిన వాహనం అంత దూరం ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. మేస్త్రి ఇంకొంచెం మట్టి తీశాడు. లోపల ఎముకలు కనిపించాయి. పిట్ట ఎముకలంత సన్నవి. "చెప్పానా, పొట్టివాళ్ళని!" అన్నారు ప్లీడరు గారు.

మేస్త్రి మాత్రం గడ్డపార పక్కన పెట్టేశాడు. భుజం మీది తువ్వాలు తీసి తలకు కప్పుకున్నాడు. పనివాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

ఎముకల తలవైపున చిన్న నల్లటి మట్టి గిన్నె ఉంది. ఒక పక్క కొమ్ము మొలిచినట్టు సన్నటి మూతి. మేస్త్రి దాన్ని రెండు చేతులతో తీసి పైకి అందించాడు. ప్లీడరు గారు అందుకుని, భూతద్దం పెట్టి చూసి, వాహనానికి ఇంధనం పోసే పాత్ర అయి ఉండాలన్నారు.

"ఇట్లియ్యండి సామీ" అన్నాడు ఆసామి.

ఆయన ఆ గిన్నెను అరచేతిలో పెట్టుకున్నాడు. దాని మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, నెమ్మదిగా వంచాడు. బొటనవేలు కొంచెం తీశాడు, మళ్ళీ మూశాడు. గిన్నెలో ఏమీ లేదు, మట్టి తప్ప. ఆ వేలికి ఆ పని ఎప్పుడో అలవాటైనట్టుంది.

"ఉగ్గుగిన్నె" అన్నాడు.

గిన్నె చేతిలో ఉండగానే ప్లీడరు గారి వైపు తిరిగాడు. గొంతులో వెటకారం లేదు, కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

"ప్లీడరు సామీ, పైనుంచి వచ్చినోళ్ళు బిడ్డను ఎత్తుకొని వచ్చినారంటారా?"

"ఆ అవకాశం లేకపోలేదు."

"పని అయిపోయినాక పోయినారంటిరి కదా."

"అవును."

"బిడ్డను ఈడ పెట్టేసి పోయినారా?"

ప్లీడరు గారు భూతద్దం తుడుచుకున్నారు.

"యా తల్లీ పోదు సామీ" అన్నాడు ఆసామి. "ఇది ఈడి బిడ్డే. మేస్త్రీ, మూసెయ్యండప్పా."

గిన్నెను తనే దిగి, తీసినచోటే పెట్టాడు. నా పై అధికారికి అప్పుడు ఉద్యోగం గుర్తొచ్చింది. ఇవి ప్రభుత్వానికి చెందవలసినవని, గిన్నెనైనా ఇస్తే మ్యూజియంలో పెడతామని అన్నారు. "మీ గవర్మెంటుకు అనుమతి వచ్చినాక రమ్మనండి" అన్నాడు ఆసామి. తర్వాత నన్ను చూసి, దుంగలు సర్దేలోపల గీసుకొమ్మన్నాడు. "ముట్టుకోవద్దు బొమ్మలప్పా" అని మాత్రం అన్నాడు. నేను గీశాను. పనివాళ్ళు అదే కేకతో పైబండను మళ్ళీ యథాస్థానంలోకి తోశారు. లేపినప్పటికన్నా దింపేటప్పుడు ఎక్కువ జాగ్రత్త పడ్డారు. ఆ పూట ఖాళీ లారీ వెళ్ళిపోయింది. ఆసామి గడువు తప్పాడు, కంట్రాక్టు ఇంకెవరికో పోయింది. మిట్ట మీద ఇంకో బండ కదల్లేదు.

మా నివేదిక పైకి వెళ్ళింది. చాలాకాలానికి జవాబు వచ్చింది. అనుమతి లేకుండా గదిని తెరవడానికి ఎలా ఒప్పుకున్నారో సంజాయిషీ చెప్పమన్నారు. గిన్నె గురించి బొమ్మ తప్ప వస్తువు లేదు కాబట్టి ఆ భాగాన్ని పరిగణించలేమన్నారు. అదే జాబులో, ఇకపై తవ్వకండి అని మళ్ళీ గుర్తు చేశారు. ఆ తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది. డేరాలు ఎత్తేశారు.

ప్లీడరు గారు సిద్ధాంతాన్ని వదులుకోలేదు, సవరించారు. కొన్నాళ్ళకు సొంత ఖర్చుతో ఒక చిన్న పుస్తకం అచ్చువేయించి నాకొక ప్రతి పంపారు. ఆకాశం నుంచి వచ్చినవాళ్ళు కుటుంబాలతో సహా వచ్చారని అందులో కొత్తగా చేర్చారు. నా బొమ్మ కూడా వేశారు. కింద "వాహనం" అని రాశారు.

చాలా ఏళ్ళ తర్వాత గండికోట పని మీద పోతూ, దారి మళ్ళించుకుని ఆ ఊరికి వెళ్ళాను. పెద్దల అమావాస్య రోజు. ఆసామికి జుట్టు తెల్లబడింది, నన్ను చూడగానే "ఏమప్పా బొమ్మలప్పా, అనుమతి వచ్చిందా?" అని అడిగాడు. రాలేదన్నాను. ఇద్దరం మిట్ట వైపు నడిచాం.

ఆయన భార్య మాకన్నా ముందే చేనిలో ఉంది. మూలన ఉన్న రెండు చిన్న బండల ముందు పాలు పెట్టి, చెంబు తీసుకుని మిట్ట ఎక్కుతోంది. ఆసామి కొంచెం దూరంలోనే ఆగిపోయి, నన్నూ ఆపాడు.

"పాలు తాగే బిడ్డలకు ఈ పండగ లేదంటాడప్పా పంతులు. ఇది యినదు" అన్నాడు.

ఆమె ఆ పెద్ద రాతి గది ముందు తూర్పు వైపున కూర్చుంది. చిన్న గిన్నెలో పాలు పోసింది. ప్లీడరు గారు ఆకాశంలోకి గురి చూసుకునేదని చెప్పిన కంత సరిగ్గా ఆమె భుజం ఎత్తులో ఉంది. గిన్నెతో సహా ఆమె చెయ్యి అందులోంచి మోచేతి దాకా లోపలికి పోయింది. ఎక్కడా తగల్లేదు. కాసేపటికి ఖాళీ చెయ్యి బయటికి వచ్చింది.